తక్కువ తిరిగిన సెకండ్ హ్యాండ్ బండి నిజంగా మంచిదేనా?

సెకండ్ హ్యాండ్ బైక్ చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు వంగి చూసేది మీటర్‌నే. అంకె తక్కువుంటే మొహం విప్పారుతుంది. అమ్మేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. అందుకే ఏ ఆటో కన్సల్టెన్సీకి వెళ్లినా వినబడే మాట దాదాపు ఒకటే: "సింగిల్ ఓనర్ అన్నా, ఆరేళ్లల్ల పన్నెండు వేలే తిరిగింది. సెల్లార్‌లనే ఉంటది, ఎండ గూడ తగల్లే." ఇందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ అలా ఊరికే నిలబడి ఉన్న ఆరేళ్లు బండికి మేలు చేశాయా, కీడు చేశాయా అన్నది వేరే ప్రశ్న.

మీటర్ చూపేది మొత్తం ఒక్కటే. ఆ మొత్తం ఎలా పోగైందో అది చెప్పదు. ఆరేళ్ల వయసు, 12,000 కిలోమీటర్లు ఉన్న మూడు బండ్లను ఊహించుకుందాం. మొదటి బండి యజమాని ఏడాదికి మూడు వందల రోజులు ఆఫీసుకు వెళ్లొస్తాడు. ఆఫీసు ఇంటికి మూడు కిలోమీటర్ల చిల్లర దూరం. రెండో బండి యజమాని నెలకో ఆదివారం హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకు వెళ్లొస్తాడు. పోనూ రానూ నూట అరవై దాకా అవుతుంది. మూడో బండి ఇంజినీరింగ్ చదివిన కుర్రాడిది. మొదటి రెండేళ్లలోనే దాదాపు మొత్తం తిరిగేసి, ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లాడు. నాలుగేళ్లుగా బండి కవర్ కింద ఉంది. గుర్తొచ్చినప్పుడల్లా వాళ్ల నాన్నగారు కిందికి దిగి, ఓ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసేవారు. మూడు మీటర్లలోనూ అదే అంకె. లోపల మాత్రం దేని పరిస్థితి దానిది.

ముందు ఆఫీసు బండి సంగతి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెండుసార్లూ చల్లారిన ఇంజిన్‌నే స్టార్ట్ చేయాలి. ఆరేళ్లలో అలాంటి స్టార్టులు 3,600. ఆదివారం బండికి ఆ లెక్క రెండు వందలు కూడా దాటదు. రాత్రంతా ఆగిన ఇంజిన్‌లో ఆయిల్ చాలావరకు కిందికి దిగిపోతుంది. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పై భాగాలకు ఆయిల్ పూర్తిగా అందదు కాబట్టి అరుగుదల అప్పుడే ఎక్కువ. అంతకన్నా పెద్ద సమస్య నీళ్లు. పెట్రోల్‌లోని హైడ్రోజన్ కాలితే వచ్చేది నీటి ఆవిరే. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు 900 మిల్లీలీటర్ల నీరు పుడుతుంది! చాలామట్టుకు సైలెన్సర్ గుండా బయటకు పోతుంది. కొద్ది భాగం మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగి ఆయిల్ ఉండే చోటికి చేరుతుంది, దాంతో పాటు కాలని పెట్రోల్ కూడా కొంత. ఇంజిన్ బాగా వేడెక్కితే ఈ రెండూ ఆవిరై పోతాయి. పై లోహం తొందరగానే కాలినా, లోపలి ఆయిల్ అంత వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. మూడు కిలోమీటర్ల ప్రయాణం అందుకు సరిపోదు. ఆ నీళ్లు అక్కడే ఉండి ఆయిల్‌తో కలుస్తాయి. ఆయిల్ పోసే మూత తిప్పి వెనక వైపు చూస్తే ఒక్కోసారి పాల టీ రంగులో చిక్కటి నురగ కనిపిస్తుంది. ఆ నీళ్లే ఆయిల్‌లో ఆమ్లాలు పెరగడానికీ, సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పట్టడానికీ కారణం.

నాన్నగారి ఐదు నిమిషాల స్టార్టింగ్ కూడా ఇందుకే పెద్దగా ఉపయోగపడదు. ఆయన ప్రేమతోనే చేశారు, సందేహం లేదు. కానీ నీరు పుట్టేంతసేపు తిరిగి, ఆ నీరు ఆరిపోయేలోపే ఇంజిన్ ఆగిపోయింది. బ్యాటరీకీ పెద్దగా ఒరిగిందేమీ లేదు. సెల్ఫ్ స్టార్ట్ ఒక్క పెట్టున చాలా కరెంట్ లాగేస్తుంది. ఐడ్లింగ్‌లో తిరిగి ఎక్కే చార్జ్ తక్కువ. బండిని తీసి ఓ అరగంట రోడ్డు మీద తిప్పి పెడితే ఆ శ్రమకు ఫలితం ఉండేది.

నిలబడ్డ బండిలో నాకు ఎక్కువ భయం పెట్రోల్ గురించే. పెట్రోల్ పాడవని ద్రవం అనుకుంటాం గానీ, దానిలో తేలిగ్గా ఆవిరయ్యేవి ముందు ఎగిరిపోతాయి, మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురుగా మారతాయి. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ ఉన్న బండిలో స్లో రన్నింగ్‌కి పెట్రోల్ అందించే పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో ఇసుమంత జిగురు అడ్డం పడినా సరే, బండి చోక్ వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ నిబంధనలు వచ్చాక చాలా బండ్లు కార్బురేటర్ వదిలి, పెట్రోల్‌ను సన్నగా చిమ్మే ఇంజెక్షన్‌కి మారాయి. అక్కడ ఇదే తలనొప్పి పెట్రోల్ పంపుకీ ఇంజెక్టర్‌కీ వస్తుంది, ఖర్చు ఇంకా ఎక్కువ.

దీనికి ఇప్పుడు ఇథనాల్ తోడైంది. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకం 2023లో మొదలై, 2025 నాటికి దాదాపు అన్నిచోట్లా అదే దొరుకుతోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండిలో ట్యాంక్ వారం పది రోజుల్లో ఖాళీ అయి కొత్త పెట్రోల్ పడుతుంది కాబట్టి ఆ తేమ లెక్కలోకి రాదు. నెలల తరబడి సగం ట్యాంక్‌తో ఉన్న బండిలో తేమ పెరుగుతూ పోయి, ఒక హద్దు దాటాక నీరూ ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కి పెట్రోల్ వెళ్లేది ఆ అడుగు నుంచే. ట్యాంక్ తుప్పు పట్టడం మొదలయ్యేదీ అక్కడే. పైగా పాత బండ్లలో కొన్ని రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

ఇక టైర్లు. రబ్బరును గాలిలోని ఓజోన్ పగలగొడుతుంది. అది తెలిసే టైర్ల తయారీలో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైర్ తిరుగుతూ, నలుగుతూ ఉన్నప్పుడు ఆ మైనం లోపలి నుంచి పైకి ఊరి సన్నటి పొరలా కాపాడుతుంది. కదలని టైర్‌కు ఆ రక్షణ సరిగా అందదు. అందుకే గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నా, వాటి అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. టైర్ పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. బండి వయసూ టైర్ వయసూ ఒకటే అయి ఆరేళ్లు దాటితే, ఎంత కొత్తగా కనిపించినా వాటిని మార్చే ఖర్చు బేరంలో కలుపుకోవాలి. వానలో పట్టు తప్పిన టైర్‌తో ప్రాణాల మీదికి వస్తుంది.

బ్రేక్ ఆయిల్ కూడా తేమ తాగే ద్రవమే. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ దిగుతూ ఆపకుండా బ్రేక్ పడితే ఆ ద్రవం మరిగి బుడగలు పుడతాయి, లివర్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి దీన్ని మార్చాలి. నిలబడ్డ బండికి ఎవరూ మార్చరు.

అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని ఒక సంగతి తేల్చారు. వస్తువు గురించి అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియదు. అందువల్ల కొనేవాళ్లు అన్నిటికీ సగటు ధరే ఇవ్వజూపుతారు, ఆ ధరకు మంచి వస్తువున్నవాళ్లు అమ్మడం మానుకుంటారు. ఇలాంటి పరిశోధనకే 2001లో ఆయనకు, మరో ఇద్దరితో కలిపి, ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బండ్ల బేరంలో ఈ తేడాను తగ్గించుకునే దారి ఒకటుంది: ఎంత తిరిగింది అని కాక, ఎప్పుడెప్పుడు ఎంత తిరిగింది అని అడగడం.

సర్వీస్ బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు రెండూ ఉంటాయి. అలాంటి బిల్లులు నాలుగు దొరికితే చాలు, కాగితం మీద వరసగా రాసి చూడండి. నెలనెలా కొద్దికొద్దిగా పెరిగిందా, ఒకచోట ఏళ్లకు ఏళ్లు ఆగిపోయిందా, లేక 2022లో 21,000 ఉన్నది ఇప్పుడు 14,000 అయిందా, అన్నీ బయటపడతాయి. బిల్లులు పోయాయంటే యజమానిని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబర్ మీద అడిగించవచ్చు. ఇన్సూరెన్స్ మధ్యలో రెండేళ్లు కట్టకపోతే, ఆ రెండేళ్లు బండి సెల్లార్‌లోనే ఉందని అనుమానించాలి.

వెళ్లే ముందు ఫోన్‌లో ఒక మాట చెప్పండి: "అన్నా, నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి." వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీకు చూపించడం వాళ్లకు ఇష్టం లేకపోయి ఉండొచ్చు. ఇంకోరోజు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయడం మేలు. ట్యాంక్ మూత తీసి వాసన చూడండి. పాతబడ్డ పెట్రోల్ వార్నిష్‌లా పుల్లటి ఘాటు వాసన వేస్తుంది. ఫోన్ టార్చ్ వేస్తే లోపలి తుప్పు కనిపిస్తుంది. చైన్‌ను ఒక్కో లింకూ వేలితో వంచితే బిగుసుకుపోయినవి తెలిసిపోతాయి.

నన్ను అడిగితే, రోజూ ఇరవై ముప్పై కిలోమీటర్లు తిరిగి, వేళకు ఆయిల్ మార్చిన బిల్లులున్న 40,000 కిలోమీటర్ల బండినే ముందు చూడమంటాను. దాని క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్ అరిగి ఉండొచ్చు. అవి ఏ మెకానిక్ దగ్గరైనా ఒక పూటలో మారిపోయేవి, ఖర్చు ముందే తెలిసేవి.

అలాగని సెల్లార్ బండిని కొనకూడదని కాదు. ఇంజిన్ బిగుసుకుపోకుండా ఉండి, పాత పెట్రోల్ పూర్తిగా తీసేసి ట్యాంక్, కార్బురేటర్ కడిగించి, బ్యాటరీ, రెండు టైర్లు, ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ కొత్తవి వేయిస్తే అది చక్కటి బండి అవుతుంది. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి ఆ లెక్కంతా అక్కడే వేయించి, వచ్చిన మొత్తాన్ని వాళ్లు చెప్పిన ధరలోంచి తీసేసి మీ మాట చెప్పండి. కొన్నాక నాలుగైదు వందల కిలోమీటర్లకే ఆయిల్ మరోసారి మార్పించండి. ఏళ్లుగా లోపల పేరుకున్న మడ్డి చాలావరకు దానితోనే బయటకు వస్తుంది.