చార్జింగ్ అంటే కరెంటు నింపడమేనా? బ్యాటరీలపై అపోహలు, వాస్తవాలు

బ్యాటరీలను పరీక్షించడం నా పని. కెమిస్ట్రీ చదివే పిల్లలతో మాట్లాడినప్పుడల్లా మళ్లీ మళ్లీ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: చార్జింగ్ అంటే బ్యాటరీలో కరెంటు నింపడం.

వాస్తవం: ఫుల్ చార్జ్‌లో ఉన్న బ్యాటరీలోనూ, డౌన్ అయిపోయిన బ్యాటరీలోనూ ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటే. ఒక ధ్రువం నుంచి ఎన్ని బయటికి వెళ్తాయో, రెండో ధ్రువంలోకి అన్నే వచ్చి చేరతాయి. మారేది లోపలి పదార్థాలు.

1859లో గాస్టన్ ప్లాంటే తయారు చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఈ మార్పును కొలిచి చూడొచ్చు. రుణ పలక సీసం, ధన పలక లెడ్ డయాక్సైడ్, మధ్యలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. బ్యాటరీ వాడుతున్నకొద్దీ రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, ఆమ్లం ఖర్చయి నీరు పుడుతుంది. ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ రబ్బరు బల్బు నొక్కి వదిలితే గాజు గొట్టంలోకి ఆమ్లం ఎక్కుతుంది. ఫుల్ చార్జ్‌లో ఉంటే లోపలి తేలికపాటి బుడ్డి పైకి తేలి 1.28 దగ్గర నిలుస్తుంది (అంటే ఆమ్లం సాంద్రత నీటికి 1.28 రెట్లు). డిశ్చార్జ్ అయిన సెల్‌లో 1.15 దాకానో, ఇంకా కిందికో మునిగిపోతుంది. చార్జర్ తగిలిస్తే ఇదే చర్య వెనక్కి నడుస్తుంది. (ఆమ్లంతో పని కాబట్టి, ఇది టీచర్ చేస్తుంటే చూడాల్సిందే గానీ మీరు చేయాల్సింది కాదు.)

అపోహ: ఎలక్ట్రాన్లు బ్యాటరీ లోపలి ద్రవం గుండా తిరిగొస్తాయి.

వాస్తవం: లోపల కదిలేవి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు లేదా వాటి గుంపులు. ఫోన్ వాడేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్య నుంచి బయటికొచ్చి, విద్యుద్విశ్లేష్యం (అయాన్లను మోసే లోపలి ద్రవం) దాటి, ఎదుటి ఎలక్ట్రోడులోని లోహ ఆక్సైడ్‌లో చేరతాయి. ఎలక్ట్రాన్లకు ఆ దారి లేదు. అవి ఫోన్ సర్క్యూట్ గుండా చుట్టూ తిరిగి రావాల్సిందే, మనకు పని జరిగేది అక్కడే. లోపలే దారి దొరికితే అది షార్ట్ సర్క్యూట్, ఆ వేడికి మంటలు కూడా రావచ్చు.

అపోహ: ఆనోడ్ అంటే ఎప్పుడూ రుణ ధ్రువమే.

వాస్తవం: ఆక్సీకరణం (ఎలక్ట్రాన్లు కోల్పోవడం) ఎక్కడ జరిగితే అదే ఆనోడ్. చార్జింగ్‌లో చర్య తిరగబడుతుంది కాబట్టి, రుణ ధ్రువం దగ్గర క్షయకరణం (ఎలక్ట్రాన్లు పొందడం) జరిగి అది కాథోడ్ అవుతుంది. పరిశ్రమలో మేమంతా గ్రాఫైట్ వైపును ఎప్పుడూ ఆనోడ్ అనే పిలుస్తాం. అది డిశ్చార్జ్‌ను బట్టి వచ్చిన అలవాటు, పరీక్షలో మాత్రం దాన్ని నమ్ముకోకండి.

అపోహ: మామూలు డ్రై సెల్‌ను కూడా చార్జ్ చేసుకోవచ్చు.

వాస్తవం: వద్దు. అందులో కరిగిపోయిన జింక్ మళ్లీ సరిగ్గా యథాస్థానానికి రాదు. పైగా లోపల వాయువులు పుట్టి సెల్ కారవచ్చు, పగలవచ్చు.

అపోహ: ఫోన్ బ్యాటరీని సున్నాకు దించాకే చార్జ్ పెట్టాలి.

వాస్తవం: ఇది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి సలహా. లిథియం అయాన్ బ్యాటరీకి దీనివల్ల మేలు లేకపోగా, పూర్తిగా దించేస్తే నష్టం. దీన్ని అసలు ముసలిదాన్ని చేసేది వేరే. గ్రాఫైట్ మీద సన్నటి పొర ఒకటి ఏర్పడుతుంది. అది రక్షణ కవచమే, కానీ పెరిగినకొద్దీ కొంత లిథియంను తనలో బంధించేస్తుంది. ఆ లిథియం ఇక అటూ ఇటూ తిరగదు, ఆ మేరకు కెపాసిటీ పోయినట్టే. వేడి ఈ పని తొందర చేస్తుంది, ఫుల్ చార్జ్‌లో ఉంచి వేడెక్కనిస్తే మరీను. అందుకే చార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ను దిండు కింద పెట్టొద్దని టెన్షన్ పెడుతుంటాం. చాలాకాలం వాడకుండా పక్కన పెట్టేదైతే సగం చార్జ్‌తో, చల్లని చోట ఉంచండి. బ్యాటరీ ఉబ్బిందంటే లోపల విద్యుద్విశ్లేష్యం విచ్ఛిన్నమై వాయువు చేరిందన్నమాట. నొక్కకండి, గుచ్చకండి, మళ్లీ చార్జ్ పెట్టకండి.