పంపులో బుడగలు లయ పట్టకూడదు

1999 నవంబర్ 15న జపాన్‌లోని తనెగషిమా నుంచి లేచిన హెచ్-2 రాకెట్, నాలుగు నిమిషాలు తిరక్కుండానే మొదటి దశ ఇంజిన్ ఆగిపోయింది, ఆ తర్వాత రాకెట్‌ని నేల నుంచి ఆదేశం పంపి పేల్చేశారు. ఆ ఇంజిన్‌ని దాదాపు 3000 మీటర్ల లోతు నుంచి, సముద్రం అడుగున వెతికి మరీ పైకి తీశారు. చూస్తే ద్రవ హైడ్రోజన్ పంపు మూతి దగ్గర తిరిగే ఇండ్యూసర్‌లో, అంటే ద్రవాన్ని లోపలికి లాగే స్క్రూలాంటి చక్రంలో, బ్లేడు విరిగి ఉంది. మళ్ళీ మళ్ళీ ఊగి, లోహం అలసిపోయి విరిగింది. దాన్ని అలా ఊపిన వాటిలో కేవిటేషన్ ఒకటి, అంటే ద్రవంలో పుట్టే ఆవిరి బుడగలు.

నీళ్ళు మరగడానికి వేడే కావాలని లేదు, పీడనం పడిపోయినా చాలు. 20 డిగ్రీల దగ్గర నీటి మీద పీడనం సుమారు 2.3 కిలోపాస్కల్స్‌కి, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో నలభయ్యో వంతు దాకా దిగితే ఆవిరి పుట్టేస్తుంది. వేగంగా తిరిగే బ్లేడు అంచు వెనక జరిగేది ఇదే. ఆ బుడగలు పీడనం ఎక్కువున్న చోటికి వెళ్ళగానే కూలిపోయి లోహం మీద గుంటలు పెడతాయి, పంపులో కంకర పడ్డట్టు చప్పుడొస్తుంది.

గుంటలు పడటం నెమ్మదిగా జరిగే నష్టం. నాకు అంతకన్నా భయం వేసేది బుడగలు లయ పట్టడం. ఒక బ్లేడు మీద బుడగలు కలిసి ఏర్పడ్డ ఆవిరి సంచి పెరిగి, పక్క బ్లేడు దాకా ఉన్న దూరంలో సుమారు 65 శాతం ఆక్రమించిందనుకోండి, దాని తోక దగ్గర వంగిన ప్రవాహం పక్క బ్లేడు ముక్కుకి తగులుతుంది, అక్కడ సంచి చిన్నదవుతుంది, దాంతో ఆ తర్వాతి బ్లేడు మీద పెరుగుతుంది, ఇలా ఆ హెచ్చుతగ్గులు బ్లేడు నుంచి బ్లేడుకి పాకుతూ చుట్టూ తిరుగుతాయి, అదీ చాలాసార్లు బ్లేడ్లని తిప్పే ఇరుసు, అంటే షాఫ్ట్ కన్నా కాస్త ఎక్కువ వేగంతో. షాఫ్ట్ మీద బలం ఒక పక్కకే లాగుతూ తిరుగుతుంది కాబట్టి బేరింగులకీ సీళ్ళకీ టెన్షనే. అన్ని బ్లేడ్ల మీదా సంచులు ఒకేసారి ఉబ్బి తగ్గితే అది ఇంకో రకం, దాన్ని సర్జ్ అంటారు, అప్పుడు పైపులోని ద్రవమంతా ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

అంత వేగంలో బుడగలే లేకుండా చేయడం దాదాపు కుదరని పని, కాబట్టి అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా చేయాలి. నాకు బాగా నచ్చిన ఉపాయం చాలా చిన్నది: ఇండ్యూసర్‌కి కాస్త ముందు, కేసింగ్ (పంపు చుట్టూ ఉండే గోడ) లోపలి వ్యాసం కొద్దిగా పెంచడం. అంచు దగ్గరి ఆవిరి కాస్త ఎగువకి జరిగి, పక్క బ్లేడు మీద దాని పట్టు సడలుతుంది. హెచ్-2 ఇంజిన్‌లోనే ద్రవ ఆక్సిజన్ పంపుకి జపాన్ ఇంజినీర్లు ఇలాంటి మార్పు చేసి ఈ తిరిగే కేవిటేషన్‌ని అణిచారు. ఇక పంపుకి ముందు నెమ్మదిగా తిరిగే ఇంకో పంపు పెట్టి పీడనం పెంచడం, లోపలికొచ్చే పైపు వెడల్పుగా, వంపులు లేకుండా ఉంచడం, ప్రవాహం మరీ తగ్గించి నడపకపోవడం ఎలాగూ చేయాల్సినవే.

ఇందులో మోసం ఎక్కడుందంటే, పంపు ఇచ్చే పీడనం ఏమాత్రం తగ్గకముందే ఈ ఊగిసలాట మొదలైపోవచ్చు. పనితీరు గ్రాఫ్ అంతా బాగున్నట్టే చూపిస్తుంది. అందుకే కేసింగ్ చుట్టూ వేర్వేరు చోట్ల వేగంగా స్పందించే పీడన సెన్సర్లు పెట్టి, మూతి దగ్గర పీడనాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ఒక సెన్సర్ తర్వాత ఇంకో సెన్సర్‌కి ఆ అల ఎంత ఆలస్యంగా చేరుతోందో కొలిచి చూడాలి.