లీటరుకు కిలోమీటర్లా, వంద కిలోమీటర్లకు లీటర్లా?

మెట్రిక్ కొలతలు వాడే దేశాలన్నీ ఇంధన వినియోగాన్ని ఒకేలా చెప్పవు. భారత్, జపాన్‌లలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లో చూస్తారు. జర్మనీ, ఆస్ట్రేలియా, కెనడాల్లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో చూస్తారు. 100ను ఒకదానితో భాగిస్తే రెండోది వచ్చేస్తుంది. లీటరుకు 16 కి.మీ. అంటే వందకు 6.25 లీటర్లు.

1973 చమురు సంక్షోభం తర్వాత ఈ లెక్క ప్రభుత్వాల చేతికొచ్చింది. కంపెనీలు అమ్మే కార్ల సగటు మైలేజీకి కనీస హద్దు పెడుతూ అమెరికా 1975లో చట్టం చేసింది. కొలత గ్యాలనుకు మైళ్లే అయినా, మామూలు సగటు పనికిరాదు కనుక హరాత్మక సగటు (బండ్లన్నీ ఒకే దూరం తిరిగితే మొత్తం దూరాన్ని మొత్తం ఇంధనంతో భాగిస్తే వచ్చేది) వాడారు. లీటర్లలో చూద్దాం: లీటరుకు 10 ఇచ్చే బండి, 20 ఇచ్చే బండి చెరో 100 కి.మీ. తిరిగితే కాలేది 10, 5, మొత్తం 15 లీటర్లు. అంటే సగటు లీటరుకు 13.3 కి.మీ.; 10, 20ల మామూలు సగటైన 15 కి.మీ. కాదు. వందకు లీటర్లలో అయితే 10, 5ల సగటు 7.5. నేరుగా కూడి సగం చేస్తే చాలు.

ఐరోపా ఆర్థిక సమాజం (నేటి ఐరోపా యూనియన్‌కు ముందున్న కూటమి) 1980 నాటి ఆదేశంలో పరీక్ష ఫలితాలను వందకు లీటర్లలోనే అడిగింది. కొనుగోలుదారుల కోసం 1999లో తెచ్చిన లేబుల్ నిబంధన మాత్రం రెండు పద్ధతులనూ అనుమతించింది. ఈ వెసులుబాటు ఇవ్వకుండా ఉండాల్సింది; పోల్చి కొనేవారికి ఒకే కొలత, అదీ వందకు లీటర్లే, కావాలి.

ఎందుకంటే మైలేజీ అంకె పొదుపును తప్పుగా చూపిస్తుంది. 1,000 కి.మీ.కు పాత బండి లీటరుకు 10 నుంచి 12కు మారితే 16.7 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 25కు మారితే మిగిలేది 10 లీటర్లే. పెద్ద పెరుగుదల కనిపించినచోటే పొదుపు తక్కువ. లారిక్, సోల్ అనే పరిశోధకులు 2008లో ‘సైన్స్’ పత్రికలో ఈ పొరపాటునే చూపించారు. 2013 మోడళ్ల నుంచి అమెరికా లేబుల్ మీద వంద మైళ్లకు గ్యాలన్లు కూడా వేస్తున్నారు.

కాలుష్య లెక్కకూ వందకు లీటర్ల పద్ధతే అనుకూలం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కాబట్టి వందకు 6 లీటర్లంటే కిలోమీటరుకు దాదాపు 138 గ్రాములు. ట్యాంకులో మిగిలింది ఎంతదూరం వస్తుందో చూడటానికి మాత్రం లీటరుకు కిలోమీటర్లే సులువు.

వందకు లీటర్ల కొలతకూ ఓ ఇబ్బంది ఉంది. ఇంజన్ ఆన్‌లో ఉండి బండి ఆగితే దూరం సున్నా, వందకు లీటర్లు అనంతం. అందుకే చాలా డ్యాష్‌బోర్డులు అప్పుడు గంటకు లీటర్లకు మారతాయి.