కంపెనీ బ్రేక్ ప్యాడా, బయటి ప్యాడా: ఈ తగువు ఎక్కడ మొదలైంది?

అంబాసిడర్లూ ఫియట్లూ తిరిగిన రోజుల్లో "బ్రేకులకి కారు కంపెనీది వేయాలా, బయటిది వేయాలా" అన్న ప్రశ్నే పెద్దగా లేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే: చక్రంతో తిరిగే డ్రమ్ముకి లోపలి నుంచి ఇనుప షూ ఒత్తుకుంటుంది, షూ మీదున్న లైనింగ్ అనే రాపిడి పొర బండిని ఆపుతుంది. లైనింగ్ అరిగితే మేస్త్రి పాత రివెట్లు కొట్టేసి, ఇనుప షూని అలాగే ఉంచుకుని, దాని మీద కొత్త లైనింగ్ పెట్టి మళ్లీ రివెట్లు బిగించేవాడు. రివెట్ తల గుంతలోకి పూర్తిగా దిగిందో లేదో బొటనవేలితో తడిమి చూసుకునేవాడు, అది ఏమాత్రం పైకి తేలినా డ్రమ్ము లోపల గాట్లు పడిపోతాయి కాబట్టి. అప్పటికే గాట్లు పడి ఉంటే డ్రమ్మును లేత్ మీదకి ఎక్కించేవాళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు ఈ పని ఇప్పటికీ చేస్తున్నారు. ఇందులో జెన్యూన్ ఏది, కానిది ఏది? లైనింగ్ మంచిదేనా, మేస్త్రి చెయ్యి మంచిదేనా, అంతే చూసేవాళ్లు.

అప్పుడు కూడా కారు కంపెనీలు బ్రేకుల కోసం ఎక్కువగా బయటి తయారీదార్ల మీదే ఆధారపడ్డాయి. 1953లో ప్రభుత్వం ఒక గీత గీసింది: ఇక్కడ తయారు చేసే ప్రణాళిక ఉన్నవాళ్లకే కార్ల వ్యాపారం, విదేశాల నుంచి విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మేవాళ్లకు కాదు. జనరల్ మోటార్స్, ఫోర్డ్ అప్పుడే దుకాణం కట్టేశాయి. ఇక్కడే అన్నీ తయారవ్వాలంటే విడిభాగాల కంపెనీలు పుట్టక తప్పదు కదా. బ్రేకుల విషయంలో ఆ పుట్టుక దాదాపు అంతా మద్రాసులోనే జరిగింది. 1962లో టీవీఎస్ వాళ్లు ఇంగ్లండ్‌కి చెందిన లూకాస్ గిర్లింగ్‌తో కలిసి బ్రేక్స్ ఇండియా పెట్టారు, 1964లో రాణె బ్రేక్ లైనింగ్ వచ్చింది, 1974లో సుందరం బ్రేక్ లైనింగ్స్. రాణె వాళ్లకు తర్వాత హైదరాబాద్‌లో కూడా ప్లాంట్ వచ్చింది. వీళ్ల సరుకు కార్ల ఫ్యాక్టరీకీ వెళ్లేది, సొంత పేరుతో బజారుకీ వచ్చేది. కొట్టుకి వెళ్లి "గిర్లింగ్ ఇవ్వండి" అంటే సరిపోయేది.

ఆట మారింది మారుతితో. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. దాంతో పాటు డీలర్ వర్క్‌షాపు, పార్ట్ నంబరు, కంపెనీ ముద్ర ఉన్న సీల్డ్ డబ్బా అనే పద్ధతి కూడా మధ్యతరగతి ఇళ్లకి అలవాటైంది. డబ్బా లోపల ఉన్న బ్రేక్ ప్యాడ్‌ని (డిస్క్ బ్రేకులో లైనింగ్ పని చేసేది ఇదే) చేసింది చాలాసార్లు మరో కంపెనీయే, కానీ డబ్బా మీద పేరు మాత్రం కారు కంపెనీది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నాక హ్యుందాయ్, ఫోర్డ్, హోండా అన్నీ ఇదే దారి పట్టాయి. అసలు చిక్కు డబ్బాలో లేదు, ఒప్పందంలో ఉంది. ప్యాడ్ చేసిన కంపెనీ అదే ప్యాడ్‌ని తన పేరుతో నేరుగా బజారులో అమ్ముకోకుండా చాలా కారు కంపెనీలు ఒప్పందాల్లో కట్టడి పెట్టాయి. ఒకే సరుకు ఒకే దారిలో వస్తే ధర చెప్పేవాడిదే రాజ్యం!

దీని మీద 2011లో, వ్యాపారంలో పోటీకి అడ్డుపడే పనులు విచారించే కాంపిటీషన్ కమిషన్‌కి ఒక వినియోగదారుడి ఫిర్యాదు వెళ్లింది. మొదట అందులో ఉన్నవి హోండా, ఫోక్స్‌వాగన్, ఫియట్. తవ్వేకొద్దీ జాబితా పెరిగింది. 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో మారుతి, టాటా, మహీంద్రా, టయోటా సహా 14 కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా పడింది. అందులో ఒక్క టాటా మోటార్స్ వాటాయే దాదాపు 1,346 కోట్లు. మరుసటి ఏడాది హ్యుందాయ్‌కి విడిగా 420 కోట్లు వేశారు. మా డిజైన్ హక్కులు మావి, బయట అమ్మితే నకిలీలు పెరిగి జనం ప్రాణాల మీదకి వస్తుంది అని కంపెనీలు వాదించాయి. కమిషన్ ఒప్పుకోలేదు. విడిభాగాలూ, లోపం పట్టుకునే పరికరాలూ బయటి గ్యారేజీలకి కూడా దొరకాలనీ, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదనీ, ఆ రిపేరు వల్ల పాడైన దాని వరకే రద్దు చేసుకోవచ్చనీ చెప్పింది. అప్పీళ్లు ఏళ్ల తరబడి నడిచాయి, అది వేరే కథ. కానీ పదేళ్ల కారు ఉన్నవాళ్లు "బయటి ప్యాడ్ వేస్తే వారంటీ పోతుందేమో" అని టెన్షన్ పడటం చూస్తే నవ్వొస్తుంది, పోవడానికి అసలు వారంటీ ఉంటే కదా.

మధ్యలో ఆస్బెస్టాస్ సంగతి ఒకటి ఉంది. పాత లైనింగ్‌లలో వేడి తట్టుకోవడానికి కలిపేది నార లాంటి ఈ ఖనిజమే, దీని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. మన పులివెందుల ప్రాంతంలో కూడా దీని గనులు ఉండేవి. డ్రమ్ము విప్పి గాలి పైపుతో దుమ్ము ఊదేసిన మెకానిక్ ఊపిరితిత్తుల్లోకి పోయేది ఏమిటో ఆ రోజుల్లో ఎవరికీ పట్టలేదు. బ్రిటన్ 1999లో పూర్తిగా నిషేధించింది, అమెరికాలో మాత్రం బజారులో అమ్మే బ్రేక్ ప్యాడ్లతో సహా తెల్ల ఆస్బెస్టాస్‌ని ఆపే నిబంధన 2024 దాకా రాలేదు. ఇక్కడ పూర్తి నిషేధం లేదు, అయినా పెద్ద తయారీదార్లు ఆస్బెస్టాస్ లేని సరుకుకి మారారు. చిరునామా లేని డబ్బాలో వచ్చే చవక లైనింగ్‌లో ఏం కలిపారో మాత్రం డబ్బా మీద ఉండదు.

కాబట్టి మెకానిక్ నోట "ఒరిజినల్, డూప్లికేట్" అని రెండే మాటలు వినిపించినా బజారులో ఉన్నవి నాలుగు రకాలు. కారు కంపెనీ డబ్బా, అదే సరుకు చేసే కంపెనీ సొంత డబ్బా, పేరున్న మరో తయారీదారుది, చివరగా కారు కంపెనీ డబ్బాని అచ్చు గుద్దిన నకిలీ. మనం భయపడాల్సింది ఈ నాలుగో దానికి. ఎక్కువ నకిలీలు వచ్చేది బాగా అమ్ముడుపోయే పేరు మీదే కాబట్టి, ఎక్కడ పడితే అక్కడ సగం ధరకి దొరికే "కంపెనీ డబ్బా" కన్నా రెండో రకం, మూడో రకం బిల్లుతో కొనుక్కోవడం నయం అని నా లెక్క.

యూరప్‌లో బయటి ప్యాడ్లకి ఆర్-90 అనే నిబంధన ఉంది, 1992 నుంచి. బయటి ప్యాడ్ పనితనం అసలు ప్యాడ్‌కి అటూ ఇటూ 15 శాతం లోపే ఉండాలి. ఎగుమతులు చేసే మన కంపెనీల డబ్బాల మీద కొన్నిసార్లు ఈ గుర్తు కనిపిస్తుంది. చాలా ప్యాడ్ల అంచు మీద ఎఫ్‌ఎఫ్, జీజీ, ఎఫ్‌ఈ లాంటి జంట అక్షరాలు కూడా ఉంటాయి. మొదటిది ప్యాడ్ మామూలు వేడిలో ఉన్నప్పటి పట్టు, రెండోది బాగా వేడెక్కినప్పటిది. ఈ అంటే ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.45 దాకా, జీ అంటే 0.55 దాకా. ఎఫ్‌ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు సడలుతుందన్నమాట, ఘాట్ రోడ్డు దిగేవాళ్లు అది చూసుకోవాలి. మన్నికా, చప్పుడూ ఈ అక్షరాల్లో తెలియవు.

పాత కార్లు రోడ్డు మీద ఇంకా చాలానే ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజుని 600 నుంచి 5,000 రూపాయలకి పెంచినా జనం కట్టి మరీ నడుపుతున్నారు. షెవర్లే 2017 చివర్లో అమ్మకాలు ఆపేసింది, అంబాసిడర్ 2014లో ఆగింది, ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. ఈ కార్లవాళ్లు కంపెనీ డబ్బా కోసమే పట్టుబడితే ఒక్కోసారి ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడి ఉన్న సరుకు చేతికొస్తుంది. ప్యాడ్‌కి అది పెద్ద సమస్య కాకపోవచ్చు. కానీ బ్రేక్ గొట్టం, చక్రం దగ్గర షూలని తోసే వీల్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అలా కాదు, వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. వీటికి తయారీ తేదీ చూసి, పేరున్న తయారీదారువి కొత్తగా వచ్చినవి తీసుకోవడమే మేలు, డబ్బా ఎవరిదైనా సరే. ప్యాడ్లు మార్పించేటప్పుడు మాత్రం పాతది విప్పాక కొత్తదాన్ని పక్కన పెట్టి చూడమనండి: వెనక ఇనుప ప్లేటు మందం, దాని చివర్లలో బిగింపులో కూర్చునే చెవుల కొలత, అరుగుదల తెలిపే క్లిప్పు ఉన్న వైపు. ఎక్కడైనా తేడా ఉండి, మెకానిక్ ఆకురాయి తీసి చెవులు అరగదీయడం మొదలుపెడితే ఆ సెట్టు వెనక్కిచ్చేయండి.