ఒడీసియస్ తలపై ఎవరి శిరస్త్రాణం?

హాలీవుడ్ దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ సినిమా ‘ది ఒడిస్సీ’ నుంచి 2025 ఫిబ్రవరిలో ఒక ఫొటో వదిలారు. అందులో గ్రీకు వీరుడు ఒడీసియస్ వేషంలో ఉన్న మాట్ డేమన్ తలపై ఎర్ర కుచ్చున్న శిరస్త్రాణం ఉంది. తగువంతా దాని గురించే. ఒడీసియస్ పోరాడాడని గ్రీకు గాథలు చెప్పే ట్రాయ్ యుద్ధమంటూ నిజంగా జరిగి ఉంటే అది క్రీ.పూ. 1200 ప్రాంతంలో జరిగి ఉండాలి. ఆ రకం శిరస్త్రాణాలు గ్రీసులో వాడుకలోకి వచ్చింది అంతకు దాదాపు 500 ఏళ్ల తర్వాత.

ఈ పొరపాటు వెండితెర కంటే చాలా పాతది. క్రీ.పూ. 6, 5 శతాబ్దాల గ్రీకు చిత్రకారులు మట్టి కూజాల మీద ట్రాయ్ యుద్ధ వీరులైన అకిలీస్‌ను, హెక్టర్‌ను గీసినప్పుడు తమ వీధుల్లో కనిపించే సైనికుల వేషమే తొడిగారు. మ్యూజియంలలో మనం చూసే వీరులు వాళ్లే. 1954లో కిర్క్ డగ్లస్ ‘యులిసిస్’, 1956లో ‘హెలెన్ ఆఫ్ ట్రాయ్’ వచ్చేనాటికి ప్రేక్షకుడి మనసులో గ్రీకు వీరుడంటే ఆ బొమ్మే. అప్పటి దర్శకులను మరీ తప్పుపట్టలేం.

1960 తర్వాత మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆ ఏడాది గ్రీసులోని డెండ్రా గ్రామం దగ్గర ఒక సమాధిలో క్రీ.పూ. 15వ శతాబ్దపు కంచు కవచం దాదాపు పూర్తిగా దొరికింది. కంచు రేకులు తోలు తాళ్లతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మెడపట్టీ గడ్డం దాకా లేస్తుంది, నడుము కింద రేకులు గంటలా జారతాయి. చూడ్డానికి పీపాకు చేతులు మొలిచినట్టుంటుంది. హీరోకి తొడిగితే నవ్వొస్తుందేమో! దాంతోపాటే అడవిపంది కోరల శిరస్త్రాణం అవశేషాలూ బయటపడ్డాయి. కోరలను పలకలుగా చీల్చి, అంచులకు రంధ్రాలు వేసి, టోపీ మీద వరుసలుగా కుట్టేవారు. ఒక వరుస వంపు కుడికి, తర్వాతి వరుస వంపు ఎడమకు.

ఈ టోపీ ప్రాచీన గ్రీకు కవి హోమర్‌కు తెలుసు. ట్రాయ్ యుద్ధం గురించిన తన కావ్యం ఇలియడ్ పదో సర్గలో దాని లోపలి తోలు, మధ్యనున్న ఉన్ని, పైనున్న పంది కోరలు అన్నీ వర్ణించాడు. అది ఎవరి చేతుల నుంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో కూడా చెప్పాడు. మొదట దాన్ని దొంగిలించినవాడు ఆటోలికస్, అంటే ఒడీసియస్ తల్లికి తండ్రి. ఆ సర్గలోని రాత్రి దాడికి దాన్ని పెట్టుకున్నది ఒడీసియసే.

ఇది కల్పిత కథ, చరిత్ర పాఠం కాదన్నది సినిమావాళ్ల వాదన. హోమర్ కూడా వేర్వేరు కాలాల వస్తువులను కలిపేశాడు కదా అని కూడా అంటారు. ఆ మాట నిజమే. సినిమాలూ ఆ పనే చేశాయి: 2004లో వచ్చిన ‘ట్రాయ్’ సినిమాలో నాణేలు పుట్టడానికి కొన్ని శతాబ్దాల ముందే శవాల కళ్ల మీద నాణేలు పెట్టారు.

డెండ్రా కవచం ఊరేగింపులకే తప్ప యుద్ధానికి పనికిరాదని కొందరు పండితులు చాలాకాలం అంటూ వచ్చారు. 2024లో వెలువడిన పరిశోధనలో దాని నకళ్లు తొడుక్కుని 13 మంది గ్రీకు మెరైన్లు 11 గంటలపాటు, ఇలియడ్‌లోని పోరు తీరును అనుసరించి కత్తులూ బల్లేలతో తలపడ్డారు. అందరూ చివరిదాకా నిలబడ్డారు.