‘ప్రేమ ఒక్కసారే’ అన్న మాట ఎవరి మెడకు చుట్టుకుంది?

2025 ఆగస్టు 1న తమిళనాడు థియేటర్లలో, పన్నెండేళ్ల కిందట చనిపోయిన ప్రేమికుడు కళ్లు తెరిచాడు. 2013 నాటి హిందీ సినిమా ‘రాంఝణా’ తమిళ రూపం ‘అంబికాపతి’ క్లైమాక్స్‌ని ఈరోస్ సంస్థ ఏఐతో మార్చి మళ్లీ విడుదల చేసింది. సినిమా ఆత్మే పోయిందన్నారు హీరో ధనుష్. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్ కూడా మండిపడ్డారు. హక్కులు మావే అంది సంస్థ. నవంబరులో ఆ ఇద్దరే ‘తేరే ఇష్క్ మే’తో రావడంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది: తొలిప్రేమ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం గొప్పా, పిచ్చా?

ఇలాంటి కథనాలు దేవదాసుతో మొదలవుతాయి. ఆ కథ మనకు అక్కినేని మొహంతో సహా తెలుసు కాబట్టి వదిలేద్దాం. నన్నడిగితే ‘ప్రేమ ఒక్కసారే’ అన్న ముడి పడింది 1998 అక్టోబరులో. ‘కుఛ్ కుఛ్ హోతా హై’ విడుదలయ్యేనాటికి కరణ్ జోహర్‌కి 26 ఏళ్లు, అదే మొదటి సినిమా. అందులో భార్యను పోగొట్టుకున్న రాహుల్ ఒక మాటంటాడు. బతికేది ఒక్కసారి, చచ్చేది ఒక్కసారి, పెళ్లీ ఒక్కసారే, ప్రేమా ఒక్కసారే అని. షారుఖ్ నోట వచ్చేసరికి అదో శాసనం అయిపోయింది.

తమాషా ఏంటంటే, అన్నవాడే దాన్ని నిలబెట్టుకోలేదు. టీనాను ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు, ఆమె పోయాక అంజలిని ప్రేమించాడు. శాసనం అమలైంది అంజలి మీదే. కాలేజీలో బాస్కెట్‌బాల్‌లో అతన్ని ఓడించిన పిల్ల ఆమె. పొట్టి జుట్టుతో ఉన్నన్నాళ్లూ అతని కంటికి ఆడపిల్లలా ఆనలేదు. మనసు విరిగి వెళ్లిపోయింది. ఏళ్లు గడిచాక జుట్టు పెంచి, చీర కట్టి ఎదురుపడితే గానీ అయ్యగారికి ‘ఏదో ఏదో’ అవలేదు. ఆమెను చేసుకోవాల్సిన అమన్ పెళ్లి మండపంలోనే పక్కకు తప్పుకున్నాడు. అతనిదీ ప్రేమే కదా, ఎవరైనా లెక్కేశారా? ఆ జుట్టు సంగతి మీద షబానా ఆజ్మీ ఫోన్ చేసి నిలదీశారని, సారీ చెప్పడం తప్ప తన దగ్గర జవాబు లేకపోయిందని కరణే తర్వాత చెప్పుకున్నారు.

అంతకుముందు ఇంత బిగింపు లేదు. 1992లో వచ్చిన ‘జో జీతా వహీ సికందర్’లోని ‘పెహలా నషా’ తొలిప్రేమకు జాతీయ గీతం లాంటిది. రాసిన మజ్రూహ్ సుల్తాన్‌పురికి అప్పటికి డెబ్బై దాటాయి. ఆ పాటలో కుర్రాడు గాల్లో తేలేది దేవిక కోసం. చివరికి చేరేది మాత్రం మొదట్నుంచీ పక్కనే ఉన్న అంజలి దగ్గరికి (అక్కడా అంజలే!). తొలి మత్తు దిగిపోతుందని, దిగినా కొంప మునగదని ఆ సినిమా హాయిగా ఒప్పుకుంది.

ఇంకా వెనక్కి వెళ్తే మన బాలు గొంతే సాక్ష్యం. 1981లో ‘ఏక్ దూజే కే లియే’లో, అంటే మన ‘మరో చరిత్ర’లోనే, చనిపోయే ప్రేమికుడికి పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. 1989లో ‘మైనే ప్యార్ కియా’లో గెలిచే ప్రేమికుడికి పాడారు. చావైనా పెళ్లయినా ఇద్దరిదీ. ఎందుకంటే ప్రేమించింది ఇద్దరూ.

2013 నాటికి ఆ ‘ఇద్దరూ’ మాయమైంది. ‘రాంఝణా’లో వారణాసి గల్లీల్లో కుందన్ (ధనుష్) చిన్నప్పట్నుంచి జోయా వెంటపడతాడు, మణికట్టు కోసుకుంటాడు. కొన్నేళ్లకు ఊరికి తిరిగొచ్చిన జోయా అతన్ని గుర్తే పట్టదు. అతనికి జన్మకొక్క ప్రేమ, ఆమెకు మరిచిపోయిన బడి రోజుల ముచ్చట. ఆమె పెళ్లాడాలనుకున్నది జస్‌జీత్‌ని. ముస్లింనని చెప్పుకున్న ఆ అబ్బాయి నిజానికి సిక్కు అన్న గుట్టును కుందన్ పెళ్లిరోజున బయటపెట్టాడు. దెబ్బలు తిని జస్‌జీత్ చనిపోయాడు. వెంటపడి వేధించడాన్ని ప్రేమగా చూపించారని విడుదలైనప్పుడే విమర్శలొచ్చాయి. కుందన్ చావే అతని ప్రాయశ్చిత్తం అన్నది సినిమాను ఇష్టపడేవాళ్ల వాదన. కావచ్చు.

ఇప్పుడు ఏఐ ఆ కాస్త ప్రాయశ్చిత్తాన్నీ చెరిపేసింది. ఆస్పత్రి మంచం మీద కుందన్ బతికాడు. జస్‌జీత్‌ని మాత్రం ఎవరూ బతికించలేదు.