బట్టికలోవా నీటి అడుగున 1942 ఏప్రిల్

హైదరాబాద్‌లో స్కూబా పాఠాలు ఈతకొలనులోనే మొదలవుతాయి. మనకు సముద్రం లేదు కాబట్టి అసలు డైవింగ్ కోసం పుదుచ్చేరి, అండమాన్ లాంటి చోట్లకు పోవాల్సిందే. సర్టిఫికెట్ చేతికొచ్చాక మునిగిన ఓడలు చూడాలన్న సరదా పుడితే చూపు శ్రీలంక తూర్పు తీరంలోని బట్టికలోవా మీద పడుతుంది. అక్కడ ఓడలోంచి చిన్న ఇనుపముక్క తెచ్చుకోవాలన్నా తప్పే. ఎందుకో తెలియాలంటే 1942 ఏప్రిల్ చూడాలి. ఆ కథలో మన విశాఖ కూడా ఉంది.

పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన జపాన్ అడ్మిరల్ నగుమో దళమే అయిదు విమానవాహక నౌకలతో హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద బాంబులేసింది. మర్నాడు బంగాళాఖాతంలో తిరుగుతున్న మరో జపాన్ అడ్మిరల్ ఒజావా దళం వంతు. ర్యూజో నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. 1933లో మొదలైన విశాఖ రేవుకు అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. ఆ బాంబుల సంగతి మన పెద్దవాళ్లు చెప్పారు గానీ, లంక సంగతి ఎవరూ కలిపి చెప్పలేదు.

ఏప్రిల్ 9న నగుమో విమానాలు ట్రింకోమలీ మీద పడ్డాయి. మనకది అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవి ఊరు, బ్రిటన్‌కు నౌకాస్థావరం. దాడి జరగబోతోందని కబురందడంతో హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌక ముందు రాత్రే రేవు వదిలి దక్షిణానికి పోయింది. ఉదయం వెనక్కి వస్తుండగా జపాన్ నిఘా విమానం కంటబడింది. విచిత్రమేమిటంటే, ఆ విమానవాహక నౌక మీద ఒక్క విమానమూ లేదు. అన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. అరగంటలోపే నౌక మునిగి 307 మంది పోయారు. తోడుగా వచ్చిన ఆస్ట్రేలియా డిస్ట్రాయర్ యుద్ధనౌక వాంపైర్, బ్రిటిష్ సార్జెంట్ అనే చమురు ట్యాంకర్ కూడా ఆ రోజే మునిగాయి. (అదే ఆస్ట్రేలియా నౌకాదళంలో నిజాం పేరున ఒక డిస్ట్రాయర్ ఉండేది. అది మాత్రం యుద్ధం దాటి బతికింది.)

ఇప్పుడు హెర్మిస్ బట్టికలోవా దగ్గర సముద్రంలో 50 మీటర్లకు పైగా లోతున పక్కకు ఒరిగి ఉంది. సరదా డైవింగ్‌కు హద్దు 40 మీటర్లు, తొలి సర్టిఫికెట్‌కు 18. కాబట్టి అది ఆ హద్దు దాటి దిగడానికి ప్రత్యేక శిక్షణ పొందిన టెక్నికల్ డైవర్లకే. బ్రిటిష్ సార్జెంట్ మాత్రం దాదాపు 25 మీటర్లలో ఉంది. అడ్వాన్స్‌డ్ కోర్సు చేసినవాళ్లు చూడొచ్చు. ఇలాంటి ఓడల దగ్గర తుప్పుపట్టిన రేకు అంచు చేతితొడుగును కూడా కోసేస్తుంది, చిక్కుకున్న పాత వలలు కాళ్లకు తొడిగే రెక్కజోడును పట్టేస్తాయి. లోపలికి దూరడానికి వేరే శిక్షణ ఉండాలి.

హెర్మిస్ ఒక సమాధి కూడా. మునిగినా యుద్ధనౌక ఆ దేశానిదేనన్నది నౌకాదళాలున్న దేశాల వాదన. బ్రిటన్ 1986లో సైనిక అవశేషాల రక్షణకు చట్టం చేసింది గానీ, శ్రీలంక జలాల్లో అది చెల్లదు. 2001 నాటి యునెస్కో ఒప్పందం నూరేళ్లు నీటిలో ఉన్నవాటికే వర్తిస్తుంది. వీటికి నూరేళ్లు నిండేది 2042లో. అందాకా గైడు ఎంత కచ్చితంగా ఉంటే అంత రక్షణ.